రాజమణి అరుగు, ఖానమ్మ కూకూ

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో తప్పు నాది. మొత్తం కాదు, సగం. మిగతా సగం ఇద్దరు ఆడవాళ్లది. వాళ్లు తమ వాటా ఒప్పుకోరు గనక రాసే పని నా నెత్తిన పడింది.

నా పేరు నగేష్. హుస్సేనీ ఆలంలో ముప్పై మూడేళ్లుగా పిండి గిర్నీ నడుపుతున్నాను. గిర్నీ మోతలో బతికినవాడికి మెల్లగా మాట్లాడడం రాదు. ఇంట్లో నేను ఉప్పు అడిగినా పక్కింటివాళ్లు మొగుడూ పెళ్లాం కొట్టుకుంటున్నారని అనుకుంటారు. కోపం కూడా ఉంది, కాదనను. గోధుమల్లో రాళ్లు ఏరకుండా తెచ్చేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా ఇది నా కథ కాదు. నా గిర్నీకి ఎదురుగా, గల్లీకి అవతలి పక్క, ఒక షాబాద్ బండ అరుగు మీద ముప్పై ఒక్క ఏళ్లుగా ఆకుకూరలు అమ్ముతున్న రాజమణి కథ.

రాజమణి ఉండేది శాలిబండలో. భర్త ఎల్లేష్ బల్దియాలో పని చేసి రిటైరై, ఇప్పుడు ఇంట్లో టీవీకి కాపలా కాస్తున్నాడు. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. రోజూ పొద్దున ఆరింటికల్లా రెండు మూటలతో షేర్ ఆటో దిగుతుంది. పాలకూర, తోటకూర, కొత్తిమీర, మెంతికూర, సోయకూర, ఉల్లాకు, అన్నీ అరుగు మీద వరసగా పేర్చి, మధ్యలో తను కూర్చుని, పక్కన నీళ్ల బకెట్టు పెట్టుకుంటుంది. ఇక ఆ చెయ్యి బకెట్టులోంచి ఆకు మీదికి, ఆకు మీద నుంచి బకెట్టులోకి తిరుగుతూనే ఉంటుంది. నీళ్లు చల్లడం ఆమెకు పని కాదు, ఊపిరి. బేరమాడుతూ చల్లుతుంది, తిడుతూ చల్లుతుంది, మధ్యాహ్నం కునికిపాట్లు పడుతూ కూడా చల్లుతుంది. మా నాన్న పోయినప్పుడు వచ్చి, నీళ్ల బిందె పక్కన కూర్చుని, ఏడుస్తూ ఏడుస్తూ పలకరించడానికి వచ్చిన వాళ్లందరి మీదా చల్లింది. అదేదో మా ఇంటి ఆచారమనుకుని వాళ్లు కళ్లకద్దుకున్నారు.

నోరు సంగతి సరేసరి. పాలకూర వాడిపోయిందేమిటమ్మా అన్న పాపానికి, "పొద్దుగాల్నుంచి ఎండల కూసుంటే నువ్వు వాడిపోవా? నిన్ను గిట్ల మొఖం మీద అన్నరా ఎవరన్న?" అంటుంది. అన్నాక ఒక కొత్తిమీర కట్ట ఊరికే సంచిలో పడేస్తుంది. ఆ కట్ట కోసం తిట్లు తినడానికి వచ్చేవాళ్లు మా గల్లీలో చాలామంది ఉన్నారు.

ఆ అరుగు వెనకున్న ఇల్లు రహీమా బేగంది. ఆవిడకు డెబ్బై రెండు. ఆమె తాత ఎప్పుడో ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ చాయ్ హోటల్ పెట్టాడు. హోటల్ పోయింది. ఇల్లు మిగిలింది, ఒక వంట మిగిలింది. ఇరానీ ఇళ్లలో పెద్దావిడను ఖానం అంటారు. మా గల్లీవాళ్లం దానికి ఒక అమ్మను తగిలించి ఖానమ్మను చేశాం.

ఆ వంట పేరు కూకూ. ఆకుకూరల ఆమ్లెట్ అంటే ఖానమ్మ కొడుతుంది గానీ, మీకు అర్థం కావాలంటే అంతే. మన ఆమ్లెట్‌లో అంతా గుడ్డే, కొత్తిమీర ఎక్కడో మర్యాదకు కనబడుతుంది. కూకూలో అంతా ఆకే. సోయకూర, కొత్తిమీర, ఉల్లాకు గంపెడు, మెంతికూర గుప్పెడు, అన్నీ సన్నగా తరగాలి. పసుపు, అక్రోట్ పలుకులు, ఇరాన్‌లో మషద్ యాత్రకు వెళ్లొచ్చిన చుట్టాలు తెచ్చే పుల్లటి ఎర్ర ఎండుపళ్లు కలపాలి. ఐదారు గుడ్లు కొట్టి పోసి, పెనం మీద మూతపెట్టి, సన్నసెగన అరగంట వదిలెయ్యాలి. మిరపకాయ పడదు, అల్లం వెల్లుల్లి పడదు. అన్నిటికంటే పెద్ద నియమం, ఆకు బాగా ఆరి ఉండాలి. కడిగిన ఆకులో తడి మిగిలితే కూకూ నిలబడదు, తిరగేసేటప్పుడు పెనం మీదే చెదిరిపోతుంది.

అంటే చూడండి, రోజంతా ఆకును తడిపే మనిషి దగ్గర కొని, రోజంతా ఆరబెట్టుకునే మనిషి ఈవిడ. ప్రతి వారం నాకు గిర్నీ మోతలో కూడా వినబడే సంభాషణ ఒకటుంది.

"రాజమణీ, ఆకు అమ్ముతున్నవా, నీళ్లు అమ్ముతున్నవా?"

"ఆకే ఖానమ్మా. నీళ్లు మీకు ఊరికే ఇస్తున్న."

ఖానమ్మ కూకూ చేసేది గురువారమే. జుమేరాత్ సాయంత్రం తల్లి పేరు మీద ఫాతెహా ప్రార్థన చదివించి, కూకూ ముక్కలు కోసి పంచుతుంది. మొదటి ముక్క తన గడప మీద కూర్చున్న మనిషికి పెట్టాలని ఆమె పట్టుదల. తనే ప్లేటు పట్టుకుని వస్తుంది. రాజమణి ప్రతి గురువారం రెండు చేతులూ జోడించి, "వద్దు ఖానమ్మా, మీరు తినుండ్రి" అంటుంది. ఖానమ్మ మారుమాట అనదు. ఆ ముక్క గల్లీ దాటి నా దగ్గరికి వస్తుంది. నేను తింటాను.

రాజమణి ఎందుకు వద్దంటుందో నాకు తెలుసు. గురువారం ఆమెకు బాబా ఒక్కపొద్దు. ఆ రోజు గుడ్డు ముట్టదు. మిగతా ఆరు రోజులు ఏదైనా తింటుంది, ఆదివారమైతే కోడిని ఎముకలతో సహా నములుతుంది. ఒక్కపొద్దు ఉన్నానని పదిమందికీ చాటుకుంటే పుణ్యం పోతుందని ఆమె నమ్మకం, అందుకని వద్దు అంటుందే తప్ప ఎందుకో చెప్పదు. నాకైనా ఎల్లేష్ చెబితే తెలిసింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అంటుంది. అలాంటి నేను ఈ ఒక్క సంగతి ముప్పై ఒక్క ఏళ్లు దాచాను. ఎవరూ అడగలేదు, అదొక కారణం. చెబితే ముక్క దారి మారుతుంది, అది రెండో కారణం.

మొన్న ఏప్రిల్‌లో ఖానమ్మ అరుగు దిగుతూ జారిపడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. అరుగు మీద నీళ్లు ఎవరివో చెప్పనక్కర్లేదు. రాజమణి ఆకులన్నీ అక్కడే వదిలేసి, ఆమెను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పోయి, పిండికట్టు వేసేదాకా ఏడుస్తూనే కూర్చుంది. చివరికి ఖానమ్మే విసుక్కుని, "విరిగింది నాది, ఏడ్పు నీకెందుకే" అన్నదట.

ఖానమ్మ కొడుకు కాషిఫ్ ఒక బీమా ఆఫీసులో పని చేస్తాడు. మంచివాడే. చిన్నప్పుడు బడికి ఎగనామం పెట్టినప్పుడల్లా రాజమణి మూటల వెనకే దాక్కునేవాడు. కానీ తల్లి చెయ్యి విరిగితే ఎవరికైనా కోపం వస్తుంది. మరునాడే వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

"రాజమణమ్మా, ఏమనుకోకు. అమ్మీ ఇంకోసారి పడితే లేవదు. ఈ బండ తీయించి గ్రిల్ పెట్టిస్త. గుండయ్య మేస్త్రీకి చెప్పిన. ఈ వారం ఖాళీ లేదంట, వచ్చే సోమారం వస్తడు."

రాజమణి తలెత్తి కిటికీ వైపు చూసింది. కిటికీలో ఖానమ్మ ఉంది. అంతా విన్నది. విని, ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రాజమణి నా గిర్నీలోకి వచ్చి స్టూలు మీద కూలబడింది. "ఒక్క మాట అనలే నగేషన్నా. కాషిఫ్ చిన్న పోరడు, వానికి కోపమొచ్చింది, నాకు సమజైతది. ఆమె ఒక్క మాట అనొద్దా? ఉండనీయ్ రా అని. ముప్పై ఒక్క ఏండ్ల సంది ఆమె గడప మీద కూసున్న."

"శాలిబండల కూసోరాదు? ఇంటి దగ్గర గూడ అయితది."

"శాలిబండల ఆకుకూర అడుగుతరు. ఈడ రాజమణి ఏది అని అడుగుతరు. ఆడికి ఈడికి ఫరక్ లేదా?"

మాట్లాడుతూ మాట్లాడుతూనే నా గోధుమల డబ్బాలో చెయ్యి ముంచి, పక్కనున్న జొన్నల మీద చల్లింది. ఇంకెవరైనా అయితే గల్లీ దద్దరిల్లేలా అరిచేవాణ్ణి. ఆమెను చూస్తే నాకు బాధేసింది. రెండు చేటలు తీసుకుని మెల్లగా వేరు చేసుకున్నాను.

ఇంతలో కాషిఫ్ నెత్తిన ఒక బండ పడింది. తల్లి పడకముందు ఆఫీసులో తన పెద్ద సార్ కృపాకర్ దగ్గర అమ్మ చేసే కూకూ గురించి గొప్పలు పోయాడు. ఆ సార్ మర్చిపోలేదు. ఆదివారం పదకొండింటికి భార్యతో బ్రంచ్‌కు వస్తానని చెప్పేశాడు. టిఫిన్ ఎగ్గొట్టి, భోజనం వేళ దాకా ఆగలేక మధ్యలో తినేదాన్ని బ్రంచ్ అంటారట. నేను నలభై ఏళ్లుగా చేస్తున్నాను, దానికి పేరుందని తెలియదు.

కూకూ చేసే చెయ్యేమో పిండికట్టులో ఉంది. కాషిఫ్ భార్య ఫరీహాది ఇక్కడి వంట. ఉల్లిపాయల గుడ్డు ఖాగీనా చేయమంటే కళ్లు మూసుకుని చేస్తుంది, కూకూ ఎప్పుడూ చేయలేదు, ఎందుకంటే అత్తగారు పెనం ఇవ్వలేదు. అయితే ఫరీహా తెలివైంది, పైగా రాజమణి అంటే ఇష్టం. మొగుడు తల పట్టుకుని కూర్చున్న సమయం చూసి మాట పెట్టింది.

"అమ్మీ చెప్తరు, రాజమణక్క ఆకు కోస్తది, నేను పొయ్యి చూస్త. సార్ నోరు తెరిచి రెండో ముక్క అడిగిండనుకో, అరుగు ఉంటది. అడగకుంటే గుండయ్యను పిలువు, నేను మాట్లాడ. షర్తు మంజూరేనా?"

కాషిఫ్‌కు వేరే దారి లేదు, మంజూరన్నాడు. ఖానమ్మను అడిగితే, "నాదేం బోయింది, ఏమన్న చేస్కోండ్రి" అన్నదట. ఆ మాట విని రాజమణి ఇంకోసారి చిన్నబోయింది. కానీ అరుగు దక్కే దారి ఒకటి దొరికింది కదా, అందుకని తిట్టుకుంటూనే ఒప్పుకుంది.

ఆదివారం పొద్దున ఆరింటికి రాజమణి దిగింది. ఆ రోజు ఆమె తెచ్చిన సోయకూర లాంటిది నేను మళ్లీ చూడలేదు. ఖానమ్మ ఇంటి వాకిట్లో ఆకంతా కడిగి, తెల్లటి దుప్పటి పరిచి, పలుచగా ఆరబెట్టారు. ఖానమ్మ మెడకు కట్టుకున్న చేతితో కుర్చీలో కూర్చుని, ఎడమచేతి వేలితో అటు జరుపు, ఇటు జరుపు అని పురమాయించింది. మా తలుపులు ఎదురెదురు గనక నాకు అన్నీ కనబడుతున్నాయి.

"తొమ్మిదిన్నర దాక ఎండాలె. నువ్వు ఈడ్నే కూసొని కాకులు రాకుండ చూడు" అని చెప్పి ఖానమ్మ నడుం వాల్చడానికి లోపలికి పోయింది. ఫరీహా వంటింట్లో అక్రోట్ కొడుతోంది.

అందరూ చేసిన తప్పు ఇది. రాజమణిని ఆకు పక్కన కూర్చోబెట్టారు. ఆమె పక్కనే, ఆకు కడిగిన బకెట్టు, సగం నీళ్లతో అలాగే వదిలేశారు.

తొమ్మిదిన్నరకు ఖానమ్మ వచ్చి ఆకు మీద చెయ్యి పెట్టింది. ఆమె వేసిన కేక నా గిర్నీ మోత దాటి వినబడింది.

"ఏం చేసినవే రాజమణీ, ఆకంత నీళ్లు కారుతున్నది."

"నేనేం చెయ్యలే ఖానమ్మా. కాకుల్ని చూస్తున్న, ఒక్కటి రానియ్యలే."

అంటూనే ఆమె చెయ్యి బకెట్టులో మునిగి, లేచి, అందరి కళ్లముందే సోయకూర మీద నీళ్లు చల్లింది. అప్పుడు తన చేతిని తనే చూసుకుంది. ఎవరో పరాయివాళ్ల చెయ్యి తన భుజానికి తగిలించినట్టు చూసింది. మూడు గంటలుగా కాకుల మీద కన్నేసి, ఆకు వాడకుండా చూసుకుందన్నమాట.

"నా చెయ్యి గూడ విరిగినా బాగుండు" అని నుదురు కొట్టుకుంది.

"ఈ ఇంట్ల ఒకటి విరిగింది చాలు. ముందు బకెట్టు దూరం పెట్టు" అన్నది ఖానమ్మ.

ఇక్కడి నుంచి నా వాటా మొదలవుతుంది. అడక్కపోయినా పరుగెత్తడం నాకు అలవాటు. గల్లీ దాటి పోయి, "ఫికర్ చెయ్యకుండ్రి, నేను లేనా" అని దుప్పటి నాలుగు మూలలు పట్టి మూటగట్టుకొచ్చాను. నా గిర్నీలో పిండి చల్లార్చడానికి మనిషెత్తు పంకా ఉంది. నులకమంచమంత జల్లెడ ఉంది. జల్లెడ మీద ఆకు పరిచి, కింద నుంచి పంకా తిప్పితే అరగంటలో కాగితంలా ఆరుతుంది. నాకే నా తెలివి చూసి ముచ్చటేసింది.

వెంట వచ్చిన ఫరీహా ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని, "చాచా, జల్లెడ సాఫ్ ఉన్నదా?" అని అడిగింది.

"అద్దం లెక్క తుడిచిన బిడ్డా" అన్నాను.

అబద్ధం కాదు. తుడిచాను. నా భుజం మీది తువ్వాలతో తుడిచాను. అయితే ఎండాకాలం ఆదివారాలు నాది మిర్చి గిరాకీ. కారం వాసన పిండికి పట్టకుండా ఆ ఒక్కరోజు మిర్చి తప్ప ఇంకేదీ పట్టను. ఆ రోజు పొద్దున ఏడింటి నుంచి గుంటూరు మిరపకాయలు పడుతూ, అదే తువ్వాలతో మొఖం, చేతులు, గిర్నీ మూతి అన్నీ తుడుచుకున్నాను. ముప్పై మూడేళ్లు మిర్చి పట్టినవాడికి ముక్కు ఉంటుంది గానీ పని చెయ్యదు. ఫరీహా వరసగా మూడుసార్లు తుమ్మితే దుమ్ము అని చెప్పాను.

ఆకు ఆరింది. రాజమణి కత్తిపీట ముందు కూర్చుంది. అప్పుడు చూడాలి ఆమెను. ముప్పై ఏళ్లు ఆకు కట్టలు కట్టిన వేళ్లు, ఒక్కో గుప్పెడు పట్టి లాగుతుంటే పచ్చటి పొడి రాలుతున్నట్టు ఉంది. ఖానమ్మ పక్కనే నిలబడి తప్పు పట్టడానికి చూసి చూసి, ఏమీ దొరకక, "నేను గూడ గింత సన్నగ కొయ్యలే" అన్నది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లాకు ఘాటు అని కొంగుతో తుడుచుకుంది. రాజమణికి కూడా నీళ్లు తిరిగాయి. నేనైతే ఆ ఇద్దరి ప్రేమ చూసి కరిగిపోయాను.

కూకూ పెనం మీద గట్టిగా నిలబడింది. నాలుగు ముక్కలు చేసి తిరగేస్తే ఒక్కటీ చెదరలేదు. ఖానమ్మ మొదటిసారి ఆ రోజు నవ్వింది. రాజమణి నాకేసి చూసి తల ఊపింది, అరుగు దక్కిందన్నట్టు.

పదకొండింటికి కృపాకర్ సార్, భార్య రూప మేడం వచ్చారు. ఖానమ్మ ఇంట్లో కుర్చీలు చాలవని నేను రెండు ప్లాస్టిక్ కుర్చీలు పట్టుకెళ్లి, అవి అప్పగించాక కూడా అక్కడే ఉండిపోయాను. రాజమణి వంటింటి తలుపు వెనక నిలబడింది. సార్ పెద్దమనిషి, నిదానస్థుడు. ముక్క మీద ఎర్ర పండును మెచ్చుకున్నాడు, రంగును మెచ్చుకున్నాడు, తర్వాత సగం ముక్క ఒక్కసారే నోట్లో పెట్టుకున్నాడు.

"చాలా బా..." అన్నాడు. మిగతా మాట రాలేదు. ఎక్కిళ్లు వచ్చాయి.

గ్లాసు నీళ్లు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. మొఖం పసుపు కుంకుమ కలిపిన రంగుకు వచ్చింది. రూప మేడం కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతుండగా, "అసలైన ఇరాన్ వంట ఎప్పుడూ తినలేదండీ, ఇంత ఘాటుగా ఉంటుందని తెలియదు" అని మర్యాదగా అన్నది.

కాషిఫ్ ప్లేటు పట్టుకుని, "సార్, ఇంకొక్క ముక్క?" అన్నాడు. రాజమణి తలుపు వెనక నుంచి తల బయటపెట్టింది.

సార్ మాట్లాడలేక రెండు చేతులూ జోడించాడు. కారెక్కేదాకా ఎక్కిళ్లతోనే వెళ్లాడు.

కారు మలుపు తిరిగాక కాషిఫ్ వెనక్కి వచ్చి మిగిలిన ముక్క కొరికి చూశాడు. దగ్గాడు. "కూకూల మిర్చి ఎవరేసిన్రు?" అన్నాడు. ఫరీహా నా వైపు చూసింది. ఖానమ్మ లేచి వచ్చి, నా భుజం మీది తువ్వాల కొస పట్టుకుని వాసన చూసి, నాలుగు తుమ్ములు తుమ్మింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను అప్పుడు ఆ తువ్వాలను జేబులో కుక్కుకున్నాను.

"చాచా, మీరు పెద్దోళ్లు, నేనేం అనలేను. కాని షర్తు షర్తే. రేపు గుండయ్య వస్తడు" అన్నాడు కాషిఫ్. అని బయటికి వెళ్లిపోయాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

రాజమణి నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆమె వంటింట్లో గోడకు చేరబడి కింద కూర్చుంది. తెల్లవారుజామున బయల్దేరిన మనిషి, ఇంకా ఏమీ తినలేదు. ఎదురుగా ప్లేటులో మిగిలిపోయిన కూకూ ఉంది. ఒక ముక్క తుంచుకుని నోట్లో పెట్టుకుంది.

ఖానమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "ఏం చేస్తున్నవ్ రాజమణీ?"

"ఆకలైతున్నది ఖానమ్మా. రేపటి సంది ఈ గడప నాకు లేదాయె. ఒక్క ముక్క తింటున్న. వద్దంటవా?"

"ముప్పై ఒక్క ఏండ్లు తెచ్చి పెడితే ముట్టలే. ఇయ్యాల అడగకుండ తింటున్నవ్."

"ఇయ్యాల ఐతారం గద."

"ఐతారమైతే ఏంది?"

రాజమణి నములుతూనే చెప్పింది. "ఐతారం తింట. గురువారం తినను. బాబా ఒక్కపొద్దు, గుడ్డు ముట్టొద్దు. చెప్పుకుంటే ఫలం ఉండదని చెప్పలే. ఇంక ఫలం నాకేం మిగిలింది, అందుకే చెప్తున్న."

ఖానమ్మ అక్కడున్న బియ్యం డబ్బా మీద కూర్చుండిపోయింది.

"నా ఇంటిదని గాదా?" అన్నది.

"ఏంది?"

"తురకోళ్ల ఇంటిది తినదు అనుకున్న. ప్రతి జుమేరాత్ అనుకున్న. ఫాతెహా ముక్క గనక పెట్టకుండ ఉండలేను. నువ్వు దండం పెట్టి వద్దన్నప్పుడల్ల, నా గడప మీద కూసుంటది గాని నా చేతి ముద్ద ముట్టదు అనుకొని లోపలికి పోయి పండుకునేదాన్ని. అందుకే ఇంకో రోజు ఇంకేదీ పెట్టలే. కాషిఫ్ అరుగు తీస్త అన్ననాడు గూడ, నేనెందుకు అడ్డం పోవాలె అనుకున్న."

రాజమణి నమలడం ఆపేసింది. ఆమె కోపం నాకు తెలుసు, ముక్కుపుటాల దగ్గర మొదలవుతుంది. "నేనేం అనుకున్ననో చెప్పనా? ఆరు రోజులు చాయ్ సుక్క అడగదు, సరిగ్గ నేను తినని రోజే ప్లేటు పట్టుకొని వస్తది, ఖానమ్మ ఎంత హుషారు మనిషి, పెట్టినట్టే ఉంటది, ముక్క మిగులుతది అనుకున్న. ప్రతి గురువారం అనుకున్న."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అమ్మ అడక్కుండానే పెట్టింది, ఎందుకు వద్దంటున్నావని మాత్రం అడగలేదు. ముందు ఎవరు నవ్వారో నేను చూడలేదు. నవ్వుతూనే ఖానమ్మ ఏడుస్తోంది, ఈసారి ఉల్లాకు లేదు. నేను ఈ సందట్లో మెల్లగా జారుకుందామని కుర్చీ ఎత్తాను.

"ఆగు" అన్నది రాజమణి. "ఎల్లేష్ నీకు చెప్పిండు గద నా ఒక్కపొద్దు సంగతి. నీకు ఎరుకే గద. మరి ఆమెకెందుకు చెప్పలే?"

"నన్నెవరు అడిగిన్రు?" అన్నాను. గొంతు నాది కానట్టు మెల్లగా వచ్చింది.

"ఆ ముక్కలన్నీ ఎటు పోయినయ్?" అన్నది ఖానమ్మ, నా పొట్ట వైపు చూస్తూ.

నేను కుర్చీని పొట్టకు అడ్డం పెట్టుకున్నాను. రాజమణి పక్కనున్న గిన్నెలో చెయ్యి ముంచి నా మొఖం మీద నీళ్లు కొట్టింది. ఈసారి తెలిసే కొట్టింది. తర్వాత చేతిలో మిగిలిన ముక్క పూర్తి చేసి, "మంచిగనే ఉన్నది. కారం ఇంకొంచెం పడితే ఇంక మంచిగుంటుండె" అన్నది. ఖానమ్మ ఆ మాటను మాత్రం క్షమించలేదు, ఇప్పటికీ ఎత్తి పొడుస్తుంది.

సోమవారం గుండయ్య సుత్తె, ఉలి పట్టుకుని వచ్చేసరికి అరుగు మీద ఆకు కట్టల మధ్య రాజమణి కూర్చుని ఉంది. పక్కనే కాళ్లు చాపుకుని, పిండికట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఖానమ్మ కూర్చుని ఉంది.

"అమ్మీ, షర్తు..." అని మొదలుపెట్టాడు కాషిఫ్.

"షర్తు నువ్వూ నీ పెండ్లామూ పెట్టుకున్నరు. ఇల్లు నాది."

"మళ్ల జారి పడితే?"

"నీళ్లు పోవడానికి తొవ్వ లేక నేను పడ్డ. నీళ్లకు తొవ్వ చెయ్యమను."

గుండయ్య అరుగు బండ మీద అడ్డంగా ఒక కాలువ చెక్కాడు. వేలెడు లోతు, మోరీ వైపు వాలు. సగం పూట పట్టింది. ఇప్పుడు రాజమణి ఎన్ని నీళ్లు చల్లినా బండ మీద నిలవవు, కాలువలోంచి కిందికి దిగి, మోరీలో పడాల్సింది పోయి, వాలు ఎక్కడో తప్పి నేరుగా నా గిర్నీ ముందుకు వస్తాయి. నేనేమీ అనను. అనే మొఖం నాకు లేదు.

ఖానమ్మ చెయ్యి అతికింది. గురువారం మళ్లీ కూకూ చేస్తోంది. సాయంత్రం ఫాతెహా అయ్యాక మొదటి ముక్క కోసి, గిన్నె బోర్లించి ఫ్రిజ్‌లో పెడుతుంది. శుక్రవారం పొద్దున ఆరింటికి రాజమణి ఆటో దిగగానే, మూట విప్పకముందే, ప్లేటు వస్తుంది. కూకూ చల్లారాక ఇంకా బాగుంటుందని ఖానమ్మే అంటుంది. ఒక్క రాత్రి ఆగితే అయిపోయే పనికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది.

నాకు మాత్రం గురువారం సాయంత్రం ఐదయ్యేసరికి చెయ్యి దానంతటదే గిర్నీ బంద్ చేస్తుంది. కొత్త తువ్వాలతో చేతులు తుడుచుకుని కూర్చుంటాను. ఏమీ రాదు. అలవాటు పడిన చెయ్యి ఎంత చెడ్డదో రాజమణిని చూసి తెలుసుకోవాల్సింది.

మొన్న శుక్రవారం ఆమె తన ముక్క సగం తుంచి, గల్లీ అవతల నుంచి నాకు చూపించింది. "నగేషన్నా, తింటవా?"

నాకు సిగ్గేసింది. రెండు చేతులూ జోడించి, "వద్దు" అన్నాను.

అరుగు మీద నుంచి ఒకరు, గుమ్మంలోంచి ఒకరు, ఇద్దరూ ఒక్కసారే అడిగారు, "ఎందుకొద్దు?"

గల్లీ దాటి పోయి, అరుగు మీద ఖాళీ చూసుకుని కూర్చుని, తిన్నాను.